మా కర్ణాలవీధి మిద్దె, మా ఊరి పాత గోడలు

తిరుపతిలో ఎవరినైనా ఆపి "ఈ ఊర్లో పాత కట్టడాలేం ఉండాయి సామీ?" అని అడిగితే చెయ్యి నేరుగా కొండ వైపు పోతుంది. ఇంకొంచెం ఓపికుంటే గోవిందరాజస్వామి గోపురం చూపిస్తారు. తీరిక ఉన్న మనిషైతే చంద్రగిరి కోటకు బస్సు ఎక్కడెక్కాలో కూడా చెబుతాడు. ఆ చెప్పే మనిషి వీపు వెనకే వందేళ్ల మిద్దె ఇల్లు ఉన్నా దాని ఊసు రాదు. అది పాత కొంప. దాన్ని ఎప్పుడు పడగొడతారు, ఎన్ని అంతస్తులు లేపుతారు అన్నదే దాని గురించి మాట్లాడుకునే మాట.

నేను ఈ ఊర్లోనే పుట్టి పెరిగినదాన్ని. 1970ల్లో కర్ణాలవీధి, బేరివీధి, తీర్థకట్టవీధి, బండ్లవీధి ఎట్లుండేవో చూసినదాన్ని. అమ్మ పుట్టిల్లు కర్ణాలవీధిలో. సెలవులిస్తే అక్కడే, బడి వదిలినా ముందు అక్కడికే పరుగు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ ఇంటి గురించి, దాన్ని మా వాళ్లూ మా ఊరూ చూసిన చూపు గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

వీధి వైపు రెండు తిన్నెలు, మధ్యలో రాతి మెట్లు. తిన్నెల మీద సున్నపు గచ్చు ఎంత నునుపుగా ఉండేదంటే, ఎండాకాలం మధ్యాహ్నాలు చెంప ఆనించి పడుకుంటే లేవబుద్ధయ్యేది కాదు. గడప దాటితే నడవ, నడవ దాటితే ఆకాశం కనిపించే ముంగిలి, చుట్టూ వసారా, గదులు, వెనక వంటిల్లు, ఆ వెనక బావి. వానొస్తే ముంగిట్లో నాలుగు వైపుల నుంచి నీళ్లు దూకేవి. పిల్లలం ఇత్తడి బిందెలు తెచ్చి పెట్టేవాళ్లం.

ఆ తిన్నెలు మా ఒక్కరివే అని మాకెప్పుడూ అనిపించలేదు. కొండకు పోయేవాళ్లు, కొండ దిగి వచ్చినవాళ్లు, అరవం, కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లు గుండ్లకు గంధం పూసుకుని వచ్చి కూర్చునేవాళ్లు. అవ్వ అడక్కుండానే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చేది. రాత్రి బండి తప్పిపోయినవాళ్లు మూట తలకింద పెట్టుకుని అక్కడే పడుకునేవాళ్లు. బ్రహ్మోత్సవాలప్పుడు లోపలి గదులు రెండు కూడా యాత్రికులవే. బాడుగ ఇంత అని తాత నోట నేను వినలేదు. వాళ్లు ఇచ్చింది అవ్వ కొంగున ముడేసుకునేది.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే ఆ తిన్నెల మీద చోటు కోసం పిల్లలకు కొట్లాటే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకో వేషం వీధుల వెంట వచ్చేది. తిన్నె మీద నిలబడితే పెద్దవాళ్ల తలల మీదుగా అంతా కనపడేది. వేషగాళ్ల దారి వాళ్లకుండేది, చూసేవాళ్ల చోటు మాకుండేది. ఇప్పుడు తిన్నెలు పగలగొట్టి షట్టర్లు పెట్టారు. జాతర చూడాలంటే నడిరోడ్డు మీద నిలబడాల్సిందే, వేషం వస్తే పక్కకు తోసుకోవాల్సిందే. ఒక తిన్నె పోతే ఇంటి ముందు రెండడుగుల గచ్చు మాత్రమే పోయిందనుకుంటాం. దాని మీద జరిగేదంతా దానితోనే పోతుంది.

మిద్దె, అంటే ఆ ఇంటి పైకప్పు, దాని సంగతి చెప్పాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మా తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. మద్రాసు పోకడలు ఇక్కడికి త్వరగానే వచ్చేవి, ఇళ్లు కట్టే తీరుతో సహా. పల్లెల్లో మట్టిమిద్దెలైతే ఈ వీధుల్లో మద్రాసు మిద్దెలు. గోడ నుంచి గోడకు టేకు దూలాలు వేసి, వాటి మీద సన్న ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, ఏటవాలుగా ఒకదానికొకటి ఆనించి సున్నపు గారతో అతికిస్తారు. ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మందమైన పొర. దాని మీద పలచటి పెంకులు. ఇనుము లేదు, సిమెంటు లేదు. కింద మంచం మీద పడుకుని పైకి చూస్తే దూలాల మధ్య ఇటుకలు చేప ముళ్లలాగా వరసలు తీరి కనిపించేవి.

నాకు పదేళ్లప్పుడు వసారా మీద మిద్దె కారుతోందని కొంత భాగం విప్పి మళ్లీ వేయించాడు తాత. పుత్తూరు వైపు నుంచి ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. పెరట్లో గుంట తవ్వి సున్నం రాళ్లు వేసి నీళ్లు పోస్తే బుసబుసమని ఉడికింది. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. సున్నాన్ని గానుగలో ఆడించి తెచ్చారు. కుండల్లో కరక్కాయ పొట్టు, బెల్లం నీళ్లలో నానబెట్టారు. పులిసి నురగలొచ్చి కల్లు వాసన కొడుతుంటే "ఇప్పుడు బాగుండాది" అన్నాడు మేస్త్రీ. ఆ నీళ్లు చిలకరిస్తూ, ఆడకూలీలు వరసగా గొంతుక్కూర్చుని చేతి చెక్కలతో మిద్దెను కొట్టారు. ఒకామె పాటందుకుంటే మిగతావాళ్లు పలికేవాళ్లు, పాటతో పాటే చెక్కలు ఒక్కసారిగా పడేవి. ఒకరోజు కాదు, రోజుల తరబడి. వీధంతా ఆ చప్పుడే. పక్కింటివాళ్లు విసుక్కోలేదు, వాళ్లింట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఆ చప్పుడు రావాల్సిందే కాబట్టి.

నేను నిచ్చెనెక్కి తొంగి చూస్తుంటే మేస్త్రీ పిలిచాడు. "పాపా, ఇట్లా రా. బొటనవేలు పెట్టి నొక్కు. వేలు దిగబడితే ఈ పొద్దు నా కూలి దండగ." నొక్కాను. దిగలేదు. అయినా ఆయనకు చాలలేదు. చెక్క తీసుకుని ఒక దెబ్బ కొట్టి చెవి ఒగ్గాడు. దెబ్బ పడిన చోట చెక్క ఎగిరి వెనక్కి రావాలట, మొద్దు చప్పుడు వస్తే లోపల ఇంకా గట్టిపడలేదని గుర్తట. రెండుచోట్ల మళ్లీ కొట్టించాడు. నేను ఆ తర్వాత డిగ్రీ చదివాను, ఉద్యోగం చేశాను, చాలామంది పనిమంతుల్ని చూశాను. తన పనికి తానే అంత కఠినంగా పరీక్ష పెట్టుకున్న మనిషిని ఎక్కువమందిని చూడలేదు.

ఇంటి వయసెంతో తాతకు సరిగ్గా తెలియదు. "మా నాయన నాటికే ఉండాది" అనేవాడు, అంతే. కానీ సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే పెరటాసి నెల శనివారాలు అయ్యేలోపు మిద్దెక్కేవాడు. అక్టోబరు నుంచి మాకు అసలు వానలు. తూము రంధ్రాల్లో ఆకులు తీసేవాడు. గోడ సందుల్లో మొలిచిన రావి మొక్కల్ని వేరుతో సహా లాగి ఆ సందులో సున్నం కూరేవాడు. గోరంత మొక్క గోడను చీలుస్తుందని ఆయనకు తెలుసు. సంక్రాంతి ముందు ఇల్లంతా వెల్ల. పాత కట్టడాల మీద అవగాహన అని ఇప్పుడు సభల్లో మాట్లాడుతుంటే నాకు ఆ నిచ్చెన, ఆ సున్నం బక్కెట కళ్లముందు కదులుతాయి. మా పెద్దవాళ్లకు ఏ రాజు ఎప్పుడు ఏలాడో తెలియకపోవచ్చు. తాము ఉంటున్న గోడకు ఏ నెలలో ఏం కావాలో తెలుసు. నన్నడిగితే మొదటి అవగాహన అదే.

చరిత్ర అసలే తెలియదని కూడా అనను. సాయంత్రాలు తాత నన్ను గోవిందరాజస్వామి గుడికి తీసుకుపోయేవాడు. ఆ గుడిని రామానుజాచార్యుల వారు ప్రతిష్ఠించారని ఊర్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బయటి పెద్ద గోపురం, ఆ ఏడంతస్తులది, ఎవరు కట్టించారంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఈ ప్రాంతపు సామంతరాజు మట్ల అనంతరాజు కట్టించింది. పదిహేడో శతాబ్దం నాటిది. గోపురం కింద నడిచి లోపలికి పోతాం కదా, ఆ దారి గోడల మీద రామాయణ ఘట్టాలు చెక్కి ఉంటాయి, అనంతరాజూ ఆయన ముగ్గురు రాణులూ ఉంటారు. తాత అక్కడ ఆగి, నా చెయ్యి పట్టుకుని, "కట్టించినాయనకు కూడా ఒక దణ్ణం పెట్టి పోదాం" అనేవాడు. వెనక నుంచి జనం తోస్తుండేవాళ్లు. ఇప్పటికీ నేను ఆగుతాను. ఇప్పటికీ తోస్తారు.

గాంధీరోడ్డు మీద హథీరాంజీ మఠం సంగతీ అంతే. స్వామివారు హథీరాం బావాజీతో పాచికలాడారన్న కథ అందరికీ నోటికొచ్చు. ఆ మఠం అధిపతులైన మహంతులు 1843 నుంచి 1933 దాకా, తొంభై ఏళ్లు, తిరుమల గుడి నిర్వహణ చూశారు. ఆ తర్వాతే దేవస్థానం కమిటీ వచ్చింది. మనం ఈనాడు చూస్తున్న తిరుపతికి పునాదులు పడిన కాలం అది. ఆ గోడల పక్కగా రోజూ పోతాం, ఏదో ఒకటి బేరమాడతాం. తలెత్తి చూసే మనిషి అరుదు. రైల్వేస్టేషన్ వెనక గోవిందరాజస్వామి సత్రాలు, రెండో సత్రం, మూడో సత్రం అనేవాళ్లం. ఎన్ని లక్షలమంది పేదవాళ్లు ఆ వరండాల్లో తలదాచుకున్నారో. అవి తీసేసి అచ్యుతం, శ్రీపథం అని కొత్త వసతి భవనాలు తలపెట్టారు. వసతి కావాలి, కాదనను. పాత సత్రం వరండాను ఒక్క ఫొటో తీసి దాచుకోవాలని మాలో ఎంతమందికి తోచింది?

మా ఇంటి కథకు వస్తాను. తాత పోయాక మామలు నలుగురూ తలో ఊరు. ఇంట్లో ఉన్నది పెద్దమామ, పెద్దత్త. మిద్దెక్కే మనిషి లేడు. గోడల అడుగున చెమ్మ వస్తోందంటే ఎవరో చెప్పిన సలహా విని నడుము ఎత్తు వరకు సిమెంటు పూత పూయించారు. చూడటానికి కొత్తగా ఉంది. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. మీద సిమెంటు పూస్తే వదిలే దారి మూసుకుపోతుంది. లోపల ఇటుక నానుతుంది, ఉప్పు పేరుకుంటుంది, పొడి పొడి అవుతుంది. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. కొన్ని వానాకాలాలకే సిమెంటు పెచ్చు ఊడిపడింది, వెనకాలే ఎర్రటి ఇటుక పొడి రాలింది. చూడటానికి వచ్చిన ఇంజనీరు "దీనికి ఆయుష్షు అయిపోయింది" అన్నాడు. అంతకుముందు ఎన్నో దశాబ్దాలు నిలబడిన గోడ అది. ఊర్లో ఎన్ని ఇళ్లను ఇట్లాగే బాగుచేస్తున్నామనుకుని చంపుకున్నామో.

అమ్మకం మాట వచ్చినప్పుడు నేను వద్దన్నాను. బావి, ముంగిలి, తిన్నెలు అని ఏవేవో చెప్పాను. పెద్దత్త అంతా విని, "చూసేదానికి బాగుంటాది పాపా. అర్ధరాత్రి వానలో తడస్తా పెరట్లోకి పోయి, తడస్తా వచ్చేది నేను" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పాత ఇళ్లను కాపాడాలనేవాళ్లం ముందు వినాల్సిన మాట అది. ఆ ఇంట్లో బతికే ఆడవాళ్ల నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి లెక్కలోకి తీసుకోకుండా మాట్లాడితే ఎవరూ మన మాట వినరు, వినక్కర్లేదు కూడా. వెనక వసారాలో ఒక గదిని మరుగుదొడ్డి, స్నానాలగదిగా మార్చుకుని ఉంటే పెద్దత్త ఆ ఇల్లు వదిలేది కాదని ఇప్పటికీ నమ్ముతాను. అట్లా మార్చుకోవచ్చని చెప్పేవాళ్లే లేరప్పుడు. ఉంచితే ఉన్నదున్నట్టు ఉంచాలి, లేదంటే పడగొట్టాలి, ఈ రెండే అనుకున్నారు అందరూ.

1990ల్లో పడగొట్టారు. అప్పటికి ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ లాడ్జీలవుతున్నాయి. తమిళనాడు వైపు నుంచి ఒక వ్యాపారి వచ్చి దూలాలు, సింహద్వారం, ముంగిలి స్తంభాలు కొన్నాడు. పెద్దమామ నాతో ఫోన్లో "కొయ్యకే మంచి డబ్బొచ్చింది మే" అన్నాడు. గొంతులో సంతోషం లేదు. ఆ టేకు ఏ హోటల్లోనో, ఏ బంగళాలోనో 'పాతకాలపు అందం' కింద నిలబడి ఉంటుంది. మా ఊర్లో దాన్ని ఎవరూ అడగలేదు. సున్నం, సన్న ఇటుకలు ట్రాక్టర్లకెత్తి ఎవరి పునాదిలోనో పోశారు.

2003లో కొండ మీద, శ్రీవారి గుడి ఎదురుగా ఉండే వేయికాళ్ల మండపాన్ని తీసేశారు. సాళువ వంశపు మల్లయ్యదేవ మహారాజు 1464లో కట్టించిన మండపం. చిన్నప్పుడు కొండకు పోతే ఆ స్తంభాల నీడలోనే పులిహోర పొట్లాలు విప్పేవాళ్లం. రాయి అంత చల్లగా ఎట్లుంటుందా అని అరచేతులు ఆనించి చూసుకునేదాన్ని. మండపం పోయాక ఊర్లో నేను విన్న మాటలు రెండు రకాలు. "జనం పెరిగినారు, చోటు కావాల కదా" అన్నది ఒకటి. రెండోది ఇంకా బరువైంది: "స్వామి సొత్తు. ఆయనే చూసుకుంటాడు." ఆ రెండో మాట అన్నది భక్తి లేనివాళ్లు కాదు, నిండా భక్తి ఉన్నవాళ్లే. స్వామి సొత్తు అయినప్పుడు దాన్ని కాపాడుకునే పని మనదే కదా అని నాకు అనిపించేది. మా వీధిలో పూలమ్మే ఆమె ఒక్కతే "మా అమ్మ పురుడయ్యాక నన్ను మొదట పండబెట్టింది ఆ మండపంలోనే" అని ఏడ్చింది. ఆమె ఏడుపు ఏ పేపర్లోనూ రాలేదు.

ఇరవై ఏళ్లకు, 2023లో, కొండ మీద పాపవినాశనం దారిలో, స్వామివారి వేట ఉత్సవం జరిగే పార్వేట మండపాన్ని విప్పి కొత్తగా కట్టినప్పుడు ఊరి తీరు వేరేగా ఉంది. జనం పాత ఫొటోలు, కొత్త ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించుకున్నారు. పాత స్తంభాలు ఏమయ్యాయని అడిగారు. అలిపిరి పాదాల మండపం దగ్గరి పాత మండపాన్ని విప్పాలన్న సంగతీ ఇంటింటా చర్చకు వచ్చింది. మా అక్క మనవడు, కాలేజీ పిల్లోడు, "అవ్వా, మీ కాలంలో అంత పెద్ద వేయికాళ్ల మండపం పోతుంటే మీరంతా ఏం చేస్తా ఉండారు?" అని అడిగాడు. కోపంగానే అడిగాడు. నాకు సంతోషమేసింది. ఆ కోపం మా తరానికి కొంచెం ఉన్నా సరిపోయేది.

చంద్రగిరిది ఇంకో కథ. బడిలో ఉన్నప్పుడు విహారయాత్ర అంటే చంద్రగిరి రాజమహలే. మూడంతస్తుల మహలులో ఎక్కడా కొయ్య వాడలేదని, అంతా రాయి, ఇటుక, సున్నమేనని మా టీచరమ్మ చెబితే నోళ్లు తెరుచుకుని పైకప్పు చూశాం. మిద్దె కొట్టడం చూసినదాన్ని కాబట్టి నాకు ఆ మాట మిగతా పిల్లలకంటే ఎక్కువ అర్థమైంది. అదే రోజు పెద్ద క్లాసు పిల్లలు మేకులతో గోడ మీద పేర్లు గీస్తుంటే టీచరమ్మ చెవులు మెలిపెట్టింది. ఈనాడు రాజమహల్, రాణీమహల్ కేంద్ర పురావస్తు శాఖ కాపలాలో ఉన్నాయి, లోపల మ్యూజియం ఉంది, పచ్చిక ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం అట్లాంటి రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల లోపల కొత్త కట్టడాలు కూడదు, ఆపైన రెండొందల మీటర్లలో అనుమతి తప్పనిసరి. మంచిదే. కానీ ఆ రక్షణ, జాబితాలో చేరినవాటికే. వీధిలో మనుషులుండే ఇంటికి, తిన్నెకు, బావికి ఆ గొడుగు లేదు. వాటిని నిలబెట్టాల్సింది యజమానులు, పక్కింటివాళ్లు, ఊరు. టిక్కెట్టు కొని చూసే గోడ ముందు చెప్పులు చప్పుడు కాకుండా నడిచే మనమే, ఇంటికొచ్చి మన గోడకు డ్రిల్లింగ్ మిషన్ పెడతాం.

ఈ మధ్య బేరివీధిలో ఒక ఇంటికి పోతున్నాను. రిటైరైన ఒక హైస్కూలు సారుది. మా ఇంటి లాంటి మిద్దే, కొంచెం చిన్నది. వాళ్లబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. మొదట లాడ్జి కడదామన్నాడట. తర్వాత అతనే ఆలోచన మార్చుకుని, ముందు గదులు రెండు బాగుచేయించి యాత్రికులకు ఇద్దాం నాయనా, పెరటి వైపు మంచి స్నానాలగదులు కట్టిద్దాం అన్నాడు. నీళ్ల పైపులు పాత గోడల్ని తాకకుండా విడిగా వేయించారు. గోడల మీద ఉన్న సిమెంటు పూతంతా మెల్లగా ఊడదీయించారు, గోడలు ఆరడానికి ఒక ఎండాకాలమంతా వదిలేశారు. సారు భార్యకు ఇప్పుడు వానలో పెరట్లోకి పోయే బాధ లేదు. "ఇది ముందే చేసుంటే నేను ఇరవై ఏళ్లు తడిసేదాన్ని కాదు" అంటుందామె. పెద్దత్త ఉండుంటే తీసుకుపోయి చూపించేదాన్ని.

మిద్దె పనికి మేస్త్రీ దొరకడమే కష్టమైంది. మా పుత్తూరు మేస్త్రీ కొడుకులు సెంట్రింగ్ పనిలోకి పోయారు, సున్నం పట్టుకునేవాళ్లు లేరు. తమిళనాడులో కారైక్కుడి వైపు ఇంకా ఈ పని చేసేవాళ్లున్నారని తెలిసి సారు పోయి మాట్లాడొచ్చారు. వచ్చే మేస్త్రీ దగ్గర ఇద్దరు మన ఊరి పిల్లల్ని పెట్టి నేర్పించాలని ఒప్పందం. కూలి కూడా సారే ఇస్తానన్నారు. ఊర్లో ఇంకా కనీసం కొన్ని మిద్దెలకైనా ఆ ఇద్దరి చేతులు అక్కరకొస్తాయని ఆయన లెక్క. నాకు అన్నింటికంటే నచ్చింది అదే.

"కరక్కాయ ఎన్నాళ్లు నానబెట్టేవాళ్లు అమ్మా, మీకేమన్నా గుర్తుందా?" అని మొన్న నన్నడిగారు. రోజులు లెక్కపెట్టలేదు సారూ, నురగ వచ్చి కల్లు వాసన కొట్టేదాకా ఉంచేవాళ్లని చెప్పాను. పుస్తకంలో రాసుకున్నారు. వానలు వెనకబట్టి, సంక్రాంతి దాటాక మిద్దె విప్పుతారు. కొట్టడం మొదలైతే వీధంతా చప్పుడు, దుమ్ము. పక్కింటివాళ్లకు ఇప్పుడే చెప్పి ఒప్పించి పెట్టారు. మా అక్క మనవడు ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వస్తానన్నాడు, మొత్తం వీడియో తీస్తాడట. తీస్తే తీయనీ, ముందు చెక్క చేతబట్టి వరసలో కూర్చోవాలని చెప్పాను.